పదిహేడో ప్రశ్న

ట్యాబులో పదిహేడో ప్రశ్న ఇలా ఉంది: ‘జ్వరము తగ్గిన పిదప మీ చెవిలో గంట మోగుచున్నదా?’ దాని కింద రెండు బొత్తాలు, ఒకటి అవును, ఇంకొకటి కాదు. మూడోది లేదు.

ఆ ప్రశ్నని ఇంగ్లీషులోంచి తెలుగు చేసినవాడు ఎవడో గాని, కంచరవలస మొహం చూసినవాడు కాదు. చూసి ఉంటే ఆ మాట రాయడు. నూటపాతిక గడపలున్న ఆ ఊళ్ళో ఇంటింటికీ కొలిమి ఉంది. కంచు కరిగించి గంటలు పోస్తారు. గుడి గంటలు, బడి గంటలు, ఎద్దుల మెడలోకి చిరుగంటలు, అన్నీ అక్కడినుంచే వెళ్తాయి. గంట అంటే ఏమిటో ఆ ఊళ్ళో పాకే పిల్లలకి కూడా తెలుసు. ఆ తెలియడమే వాళ్ళ కొంప ముంచింది.

ఆ యేడు వానల్లో ముసురు జ్వరం వచ్చింది. కొత్త వైరస్. ఐదు రోజులు కాస్తుంది, చెమట పట్టి దిగిపోతుంది, పోతూ పోతూ చెవిలో ఒక మోతని కాపలా పెట్టి పోతుంది. అలా ఎంతమందికి పెట్టిందో లెక్క తీయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఊరి ఆశా కార్యకర్త లలిత ట్యాబు పట్టుకుని బయలుదేరింది. మొదటి ఫారం సొంత అత్తదే.

అత్త తవిటమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని చింతకర్ర సుత్తితో గంటలు కొట్టి వింటోంది. ఆ ఊళ్ళో పోసిన ప్రతి గంటా ఆవిడ కుడిచెవి దాటి బయటికి పోవాలి. నాదంలో జీర పలికిందంటే లోపల కంటికి కనపడని పగులు ఉన్నట్టే. మళ్ళీ కరగపెట్టాల్సిందే.

“అత్తా, చెవిలో గంట మోగుతోందా?”

“ఏ గంట?”

“ఏదో ఒక గంట. ఫారంలో అలాగే ఉంది.”

“గంటయితే కొడితే మోగాల, మోగి సల్లారాల. ఇది కొట్టకుండానే మొదలెట్టింది. ఇరవై దినాలయినాది, ఆగినేదు. ఇది గంటెలాగవుతాది?”

“మరేటది?”

తవిటమ్మ తల పక్కకి వంచి విన్నది, చేతిలో గంటని విన్నట్టే. “కాలిన పెనం మీద నీల్లు సల్లితే ‘సుయ్’మంటాది సూడు, అది. దాని ఎనకాల ఇలకోడి, రాత్రిల్లు కీసుమంటాది సూడు, ఆ పురుగు. కంచు జాతి కాదు. ఇనపజాతి.”

పక్కింటి గున్నయ్యకి చెవిలో ధాన్యం మిల్లు. వీధి చివర దాలమ్మకి తుమ్మెద. ఒకరికి తాటాకుల్లో గాలి, ఒకరికి కొలిమి తిత్తి ఊదుడు. గంట అన్నవాడు ఒక్కడు లేడు. గంట కానిదాన్ని గంట అనడం ఆ ఊళ్ళో అబద్ధమాడడం కిందే లెక్క. లలితకీ జ్వరం తగిలింది. ఆమె ఎడమచెవిలో విజిల్ వేయబోయే ముందు కుక్కరు బుసకొట్టే చప్పుడు. తన ఫారం తనే నింపుకుంటూ బొత్తాం దగ్గర వేలు ఆపి, సూపర్‌వైజర్ భాస్కరానికి ఫోన్ చేసింది.

“సార్, అందరికీ చెవిలో ఏదో మోత ఉంది. గంట మాత్రం కాదంటున్నారు. ఏం నొక్కమంటారు?”

“గంటేనా?”

“కాదు సార్. ఇలకోడి, మిల్లు…”

“లలితా, సాయంత్రానికి మూడు ఊళ్ళ లెక్క పంపాలి నేను. గంట అయితే అవును, గంట కాకపోతే కాదు. కవిత్వాలు రాయడానికి అందులో జాగా లేదు.”

లలిత కాదు నొక్కింది. తనకి, అత్తకి, జ్వరం వచ్చి లేచిన ఊరందరికీ. మూడువందల పన్నెండు మందికి కాదు.

జ్వరం పోయిన యాభయ్యో రోజున మందు వచ్చిన కబురు తెలిసింది. లోచెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న చిన్న గది ఉంటుంది. ముసురు వైరస్ దాక్కునేది అక్కడే. కర్ణభేరి వెనక్కి ఒక్క సూది వేస్తే అది చస్తుంది, మోత ఆగుతుంది. అయితే జ్వరం దిగిన తొంభై రోజుల్లోపు వేయాలి. ఆ గడువు దాటితే లోపలి నరాల కొసలు ఒక్కొక్కటే రాలిపోయి, మోత ఉండిపోతుంది, వినికిడి పోతుంది. మందు తక్కువ కాబట్టి పదిహేడో ప్రశ్నకి అవునన్న ఊళ్ళకే పంచారు. చుట్టుపక్కల వరి ఊళ్ళలో గంటయినా గజ్జెయినా ఒకటే అనుకునేవాళ్ళు అవును అన్నారు. వాళ్ళకి వచ్చింది. కంచరవలస ఎదురుగా సున్నా ఉంది.

సున్నాతో ఆగినా బాగుండేది. చదువుకున్నవాడి చేతికి సున్నా దొరికితే ఊరుకోడు. జిల్లా ఆరోగ్య కార్యాలయంలో జాయింట్ డైరెక్టర్ వల్లభరావు ఆ సున్నాని చూసి సిద్ధాంతం కనిపెట్టాడు. తరతరాలుగా కంచునాదం వింటున్న చెవులకి ముసురు వైరస్ అంటదని ఇరవై పేజీల పత్రం రాసి ఢిల్లీలో చదివి వచ్చాడు. పేపర్లో ఫొటో పడింది. ఆ తర్వాత పట్నాలనుంచి జనం కార్లు వేసుకుని కంచరవలస వచ్చి, చెవి దగ్గర వాయించుకోవడానికి గంటలు కొనుక్కుపోయారు. తవిటమ్మ కొడుకు జగ్గారావుకి కొలిమి ఆర్పే తీరిక లేదు.

“ఇన్ని గంటలు నా జన్మలో పోయలేదు,” అన్నాడతను పెళ్ళాం లలితతో, “సంతోషించాలో ఏడవాలో తెలీట్లేదు.”

ఆ వారమే టెక్కలి దుకాణంనుంచి మూడు గంటలు వెనక్కి వచ్చాయి. మూడింటిలోనూ జీర. మూడూ తవిటమ్మ విని బాగున్నాయని పంపినవే. ముప్పయ్యేళ్ళలో ఆవిడ చెవి దాటి వెళ్ళిన గంట ఒక్కటీ వెనక్కి వచ్చింది లేదు. జగ్గారావు వాటిని అమ్మకి చూపించకుండా కొలిమి పక్కన గోనె కింద పెట్టాడు. ఆవిడే గోనె ఎత్తి చూసింది. ఒకటి తీసి సుత్తితో కొట్టింది. మళ్ళీ కొట్టింది. చెవి గంటకి ఆనించి ఇంకోసారి కొట్టింది.

“జీర ఉందేట్రా ఇందులో?”

“ఉందమ్మా.”

“నాకు సుయ్‌మనడమే ఇనపడతన్నాది,” అని సుత్తి పక్కన పెట్టేసింది. ఆ రోజు మరి ముట్టలేదు.

మర్నాడు లలిత జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. వల్లభరావు గది బయట మూడు గంటలసేపు నిలబెట్టాక లోపలికి రానిచ్చారు. మూడువందల పన్నెండు ఫారాలూ తప్పు నింపానని, మళ్ళీ నింపనివ్వమని అడిగింది.

“సర్వే మూసేశాం. మళ్ళీ వచ్చే యేడే,” అన్నాడాయన.

“వచ్చే యేటికి మా చెవులుండవు సార్.”

“చూడమ్మా. కాలో చెయ్యో విరిగితే ఎక్స్‌రే ఉంటుంది. చెవిలో మోత నీకు తప్ప ఇంకొకరికి వినపడదు. మొన్న లేదన్నారు. పక్క ఊళ్ళో మందు వచ్చేసరికి ఇవాళ ఉందంటున్నారు. నాకు వినపడనిదాన్ని నేనెలా నమ్మను?”

ఈ మాటకి జవాబు ఉన్న మనిషి విశాఖపట్నంలో ఒకావిడ ఉంది. డాక్టర్ సుభాషిణీ పట్నాయక్. చెవిలో మోతని పక్కవాళ్ళకి వినిపించే యంత్రం చేసిందని లలిత ఎక్కడో చదివింది. డెబ్భై రెండో రోజున అత్తని బస్సెక్కించి తీసుకుపోయింది.

ప్రయోగశాల అంటే పెద్ద ఊహలేం అక్కర్లేదు. గోడలకి గుడ్డు అట్టల్లాంటి మెత్తని స్పాంజి అంటించిన చిన్న గది. మధ్యలో కుర్చీ, బల్ల మీద బిస్కెట్ల డబ్బా అంత యంత్రం, దానికి ఒక తీగ, తీగ చివర రబ్బరు మొగ్గ. ఆ మొగ్గలో ఆవగింజంత మైకు.

“చెవి వినడమే కాదమ్మా, తనూ ఒక శబ్దం చేస్తుంది,” అంది డాక్టర్. “మంచి చెవి చేసేది మనకి వినపడనంత చిన్నది. ఈ వైరస్ పట్టిన చెవి పెద్దగానే చేస్తుంది. అయినా బయటికి రాదు. మీ ఊళ్ళో బోరింగు పంపు ఎండిపోతే ఏం చేస్తారు?”

“సెంబుడు నీల్లు పోసి కొడతాం,” అంది తవిటమ్మ.

“ఇదీ అంతే. లోపలికి కాస్త శబ్దం పోస్తాం. లోపలున్నది దానితో కలిసి పైకి వస్తుంది.”

లలితకి ఆశ పుట్టింది. “అయితే ఆ మోతని ఇప్పుడే పైకి తియ్యండి డాక్టర్ గారూ.”

డాక్టర్ యంత్రం మీద చేయి వేసిందే గాని మీట తిప్పలేదు. పదకొండు మందికి పెట్టి చూశానని, పదిమందికి ఏమీ కాలేదని, పదకొండో ఆయనకి మోత బాగా పెద్దదని చెప్పింది. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. ఆరో నిమిషంలో ఆ చెవి పూర్తిగా ఊరుకుంది. మోత పోయింది, వినికిడీ పోయింది. జబ్బు చేసిన నరాల కొసలు ఆ పోసిన శబ్దానికి తట్టుకోలేకపోయాయి. ఆ రోజునుంచి యంత్రాన్ని ఎవరికీ పెట్టలేదు. ఆయన చెవి చివరి ఆరు నిమిషాలూ రికార్డు చేసి ఉంది. దాన్నే ఆవిడ అప్పటికప్పుడు వల్లభరావుకి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి వినిపించింది.

“కంప్యూటర్లో ఏ చప్పుడైనా పుట్టించొచ్చు మేడమ్,” అన్నాడాయన అవతలినుంచి. “నా పత్రాన్ని కాదనాలంటే మనిషిని తీసుకురండి.”

డాక్టర్ ఫోన్ పెట్టేసింది. తవిటమ్మ యంత్రం వంక చూపించి అంది: “ఆయన గదిలో ఈ పెట్టె పెట్టి, నా సెవికి తగిలించు డాట్రమ్మా.”

“మీది ఆ లెక్చరర్‌ కన్నా పెద్ద మోతమ్మా. ఇందాక వేరే చప్పుళ్ళతో పోల్చి కొలిచాను. కుడిచెవి పోతుంది.”

“నాది పెట్టండి,” అంది లలిత. “కాదు అని నొక్కినదాన్ని నేను.”

“నీది కుక్కరు బుస. ఆ బాబుకి ఇనపడదు,” అంది తవిటమ్మ. “ఊరుకోయే అమ్మీ. ఆ సెవి ఎలాగా జీర పట్టనేకపోతన్నాది. ఇంకో సెవి ఉంది కదా, అందులో మోత సన్నం, దాంతో బతుకుతాను. ఊరందరికీ ఒక్క సెవితో అయిపోతాదంటే సంతలో కూడా ఇంత సవగ్గా ఏదీ రాదు.”

“అత్తా, ఇది నవ్వులాట కాదు.”

“నవ్వుతన్నానేటి?”

ఎనభై ఒకటో రోజు పదకొండు గంటలకి వల్లభరావు గదిలో బల్ల మీద యంత్రం పెట్టారు. దానికి చిన్న స్పీకరు తగిలించారు. వల్లభరావు కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సూపర్‌వైజర్ భాస్కరం గోడవార నిలబడ్డాడు. డాక్టర్ తవిటమ్మ చేత ఒప్పుదల కాగితాల మీద మూడుచోట్ల వేలిముద్ర వేయించుకుంది. నొప్పి మొదలవగానే చెయ్యెత్తమంది. రబ్బరు మొగ్గ కుడిచెవిలో పెట్టి మీట తిప్పింది.

మొదటి నిమిషం గాలి చప్పుడే. రెండో నిమిషంలో సన్నగా ‘సుయ్’మన్నది. తర్వాత పెరిగింది. పెనం మీద నీళ్ళు చల్లి ఆపకుండా చల్లుతూనే ఉంటే ఎలా ఉంటుందో అలా. దాని వెనక, వేయి ఇలకోళ్ళు ఒక్క గొంతుతో. కిటికీ అద్దం జిలజిలలాడింది. పక్క గదుల్లోంచి టైపిస్టులు, బంట్రోతులు గుమ్మంలోకి వచ్చి చెవులు మూసుకుని నిలబడ్డారు. భాస్కరం మొహం గోడకి తిప్పుకున్నాడు. తన ఫోన్లో ఆ పిల్ల చెప్పబోయినది ఇదేనని అప్పుడు తెలిసింది అతనికి.

“సరే, విన్నాను. ఆపండి,” అన్నాడు వల్లభరావు.

డాక్టర్ మీట వైపు చెయ్యి చాపింది. తవిటమ్మ ఆ మణికట్టు పట్టుకుంది. సుత్తి పట్టే చెయ్యి అది, విడిపించుకోవడం తేలిక కాదు. ఆవిడ కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, ఏడుపు కాదు, నొప్పి.

“అప్పుడే ఏటి బాబూ. నువ్వు రెండు నిమసాలు ఇన్నావు. నాను ఎనబై దినాలబట్టి ఇంటన్నాను. దీంతోటే తింటన్నాను, దీంతోటే తొంగుంటన్నాను. మా ఊళ్ళో మూడొందల పన్నెండు మంది ఇంటన్నారు. ఒక్కొక్కరికీ ఒక్క నిమసమన్నా ఇనాల నువ్వు.”

“ఆపమంటున్నానా,” అని వల్లభరావు లేచి చెవులు మూసుకున్నాడు. మూసుకుంటే ఆగే మోత ఆయనది. ఆ సంగతి ఆయనకి అప్పటికీ తట్టినట్టు లేదు.

ఐదో నిమిషం దాటాక స్పీకరు దానంతటదే ఊరుకుంది. డాక్టర్ గబగబా మొగ్గ తీసి, తవిటమ్మ కుడిచెవి దగ్గర చిటిక వేసింది. ఇంకోసారి వేసింది. తవిటమ్మ ఆవిడ పెదవుల వంకే చూస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో లలిత అత్తకి ఎడమపక్కకి మారి కూర్చుంది.

ఉత్తర్వు ఆరు రోజులకి వచ్చింది. అందులో మూడు ముక్కలున్నాయి. మొదటిది: కంచరవలసకి మందు మంజూరు, మూడువందల పదకొండు మందికి. రెండోది: సర్వేలో జరిగిన పొరపాటుకి క్షేత్రస్థాయి సిబ్బంది నిర్లక్ష్యమే కారణం, ఆశా కార్యకర్త లలిత వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. ప్రశ్న రాసినవాడి ఊసు ఎక్కడా లేదు. మూడోది: కింతాడ తవిటమ్మ, వయసు యాభై నాలుగు, ప్రయోగమునకు లోబడిన వ్యక్తి అయినందున చికిత్సకు అనర్హురాలు.

“ఎడమచెవి ఇంకా మోగుతోంది ఆవిడకి. అది కూడా పోతే మొత్తం చెవుడు,” అని డాక్టర్ సుభాషిణి వల్లభరావుకి ఫోన్ చేసి అరిచినంత పని చేసింది.

“రూలు నేను రాయలేదు మేడమ్. ప్రయోగం మీరు చేశారు,” అన్నాడాయన. ఆ సాయంత్రం పేపర్లో ఆయన ఫొటో మళ్ళీ పడింది. కంచరవలస ప్రజల బాధను స్వయంగా ఆలకించిన అధికారి అని కింద రాశారు.

ఎనభై ఎనిమిదో రోజున ఐసుపెట్టెలో ముప్పైరెండు సీసాలు ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి వచ్చాయి. సీసాకి పదిమందికి మందు. సూది వేయడానికి డాక్టర్ సుభాషిణి తనే వచ్చింది. లెక్క చూడడానికి భాస్కరం వచ్చాడు. తెల్లవారేసరికే అరుగు మీద బారు కట్టారు జనం. లలిత పేర్లు పిలుస్తోంది, ట్యాబులో ఎక్కిస్తోంది. తవిటమ్మ బారులో లేదు. ఎదురరుగు మీద కూర్చుని, సూది వేయించుకుని వచ్చేవాళ్ళని పేరుపేరునా అడుగుతోంది: “ఆగిందేట్రా?” కొందరికి గంటలోపే పల్చబడింది. గున్నయ్య తన మిల్లు కట్టేశారని చెప్పి, అరవయ్యేళ్ళ మనిషి, ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. “పోరా, సూదేసిన సెవి పెట్టుకుని వంగకు,” అందావిడ.

మూడు దాటాక లలిత వంతు వచ్చింది. అందరిలో చివరిది. ముప్పైరెండో సీసా మూత విప్పి, ఒక్క మోతాదు తీసి, డాక్టర్ ఆమె ఎడమచెవికి వేసింది. సీసాలో ఇంకా తొమ్మిది మోతాదులున్నాయి.

“విప్పిన సీసా నాలుగు గంటల్లో పారబోయాలి,” అన్నాడు భాస్కరం, నేల చూస్తూ. “ట్యాబులో ‘వృథా’ అని గడి ఉంటుంది. తొమ్మిది అని వెయ్యి.”

“తొమ్మిది మోతాదులు తూములో పోయాలా సార్? ఎదురరుగు మీద మనిషి ఉంది.”

“ఆ మనిషి పేరు ట్యాబు తీసుకోదు లలితా. నేనేం చేసేది?” అతను జేబులు తడుముకున్నాడు. “టీ తాగి వస్తాను. పావుగంట పడుతుంది. వచ్చేసరికి తొమ్మిదీ వృథా అయిపోయి ఉండాలి. మందు ఒలికిపోయిందని రాసెయ్యి.”

అతను గేటు దాటేదాకా ఆగి డాక్టర్ సూది తీసింది. లలిత వెళ్ళి అత్త ఎడమచెవి దగ్గర వంగి చెప్పింది.

“వృథా కిందేటే?” అంది తవిటమ్మ. “నాను ఒలికిపోయిన మందునేటి?”

“పేరు రాస్తే మందు లేదత్తా. మందు కావాలంటే పేరు లేదు.”

“మరి ఆ మడిసి ఇన్నాడు కదే. కూకుని ఇన్నాడు.”

లలిత ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. తవిటమ్మ బల్ల మీద కుడిపక్కకి తిరిగి పడుకుంది. సూది దిగినప్పుడు ఆవిడ మెడ నరం ఒకసారి బిగిసి వదులైంది. డాక్టర్ మిగిలిన ఎనిమిదీ తూములో పోసి, సీసా తలకిందులు చేసి చూపించింది.

లలిత ట్యాబు తెరిచింది. వృథా: 9. నొక్కగానే కింద ఇంకో గడి వచ్చింది. కారణము వ్రాయుడు. ఇన్నాళ్ళూ ఆ ట్యాబులో ఎక్కడా కనపడని గడి. దానికి బొత్తాల్లేవు. ఎంతైనా రాసుకోవచ్చు.

గేటు దగ్గర భాస్కరం వస్తున్నాడు. “ఒలికిపోయిందని రాశావా?” అని అక్కడినుంచే అడిగాడు.

లలిత ఇంకా రాస్తూనే ఉంది. ‘ఎనిమిది మోతాదులు రూలు ప్రకారం తూములో పోశాము. తొమ్మిదోది కింతాడ తవిటమ్మ ఎడమచెవికి వేశాము. కుడిచెవి జిల్లా ఆఫీసులో తీసుకున్నారు.’ కింద తన పేరు రాసి, పంపు అన్నచోట నొక్కింది.